దీపం వెలుగుతోంది, నెట్టు మాత్రం రావడం లేదు



మొన్నటి ఆదివారం ఆదరణ కూడికను లైవ్‌లో చూసినవారు చాలామంది ఫోన్ చేశారు. "అయ్యగారూ, ఈసారి బొమ్మ, మాట ఇంత స్పష్టంగా ఎలా వచ్చాయి?" అని కొందరు అడిగారు. "ముందు రోజు రాత్రి మందిరంలో కంప్యూటర్‌కి నెట్టు పోయిందట కదా, ఎవరు బాగుచేశారు?" అని మరికొందరు అడిగారు. మీలో ఇంట్లో కంప్యూటర్ ఉన్నవారు, డిప్లొమా, బీటెక్ చదివే పిల్లలు ఉన్నవారు ఎక్కువమందే కనుక జరిగినది వివరంగా రాస్తున్నాను. కంప్యూటర్ గొడవ మాకెందుకు అనుకునే పెద్దలు కూడా దయచేసి చివరిదాకా చదవండి. మన ఇళ్ళకూ, మన సంఘానికీ సంబంధించిన మాట ఒకటి ఇందులో ఉంది.

ముందు ఆ కొత్త కార్డు ఎందుకు కొన్నామో చెప్పాలి. మన స్త్రీల సమాజంలో ఎన్నో ఏళ్ళు ప్రార్థన నడిపించిన తల్లి ప్రభువు పిలుపు అందుకున్నారు. ఆమె ఒక్కగానొక్క కూతురు కువైట్‌లో ఇంటి పనిలో ఉంది. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి అలా వెళ్ళిన ఆడబిడ్డలు ఎంతమందో మీకు తెలుసు. సెలవు దొరకలేదు, రాలేకపోయింది. సమాధి కార్యక్రమం వీడియో కాల్‌లో చూపించాం. ఫోను పట్టుకున్న కుర్రవాడు ఆమె మేనల్లుడే. వాడు ఏడుస్తున్నాడు, చెయ్యి వణుకుతోంది. ఆ బిడ్డకు కనబడినవి నిలబడినవారి వీపులు, కొబ్బరి చెట్ల తలలు, కొంచెం ఆకాశం. గాలి హోరులో వాక్యం వినబడలేదు. ఆ రాత్రి ఫోన్ చేసి, "అయ్యగారూ, మా అమ్మ గురించి మన వాళ్ళు చెప్పే సాక్ష్యాలైనా సరిగ్గా వినాలని ఉందండి. ఆదరణ కూడికైనా కాస్త కనబడేటట్టు చూడండి" అంది.

మన యవ్వనస్థులు తలా కొంత వేసుకుని వీడియో క్యాప్చర్ కార్డు తెచ్చారు. క్రిస్మస్‌కి వాడే మంచి కెమెరా మన దగ్గర ఎలాగూ ఉంది. ఆ కెమెరా బొమ్మను కంప్యూటర్‌లోకి తీసుకోవాలంటే మదర్‌బోర్డు మీద ఉండే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో ఈ కార్డు పెట్టాలి. మిక్సర్ నుంచి మైకు ధ్వని కూడా కంప్యూటర్‌కే వస్తుంది కనుక ఫ్యాన్ల చప్పుడు, పిల్లల అల్లరి కలవకుండా మాట శుభ్రంగా వెళ్తుంది. శనివారం సాయంత్రం పిల్లలు స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, ఒంటి మీద స్థిర విద్యుత్తు పోవడానికి క్యాబినెట్ ఇనుమును ఒకసారి ముట్టుకుని, జాగ్రత్తగానే కార్డు బిగించారు. కంప్యూటర్ ఆన్ అయింది. తెర మీద మన బలిపీఠం, వెనుక గోడ మీది వాక్యం అద్దంలో చూసినంత స్పష్టంగా వచ్చాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. లైవ్ బటన్ నొక్కితే తెర మీద ఒకటే మాట: ఇంటర్నెట్ లేదు.

కూడిక ఆదివారం ఉదయం 10 గంటలకు. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక, అంటే అక్కడ 7:30. అక్కడ సెలవు శుక్రవారం, ఆదివారం పనిదినం. యజమానురాలు ఆ ఒక్క గంట విడిచిపెడతానని మాటిచ్చింది. మనం ఆలస్యం చేస్తే ఆ గంట మళ్ళీ దొరకదు. ఏమీ కుదరకపోతే ఫోన్‌నే స్టాండుకు కట్టి పెడదాం అనుకున్నాం. కానీ మళ్ళీ ఆ గాలి హోరే, మళ్ళీ ఆ వీపులే.

ఇలాంటప్పుడు మనసు పరుగెడుతుంది. ఒకరు విండోలు మూసి తెరుస్తారు, ఒకరు అన్ని వైర్లూ పీకుతారు, ఒకరు మొత్తం ఫార్మాట్ కొట్టేద్దాం అంటారు. నెహెమ్యా యెరూషలేముకు వచ్చినప్పుడు ముందు ఏం చేశాడో గుర్తు తెచ్చుకోండి. రాత్రివేళ కొద్దిమందిని వెంటబెట్టుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా, ఏ గోడ ఎంత పడిపోయిందో, ఏ గుమ్మం కాలిపోయిందో తిరిగి చూశాడు. రాయి మీద రాయి పెట్టడం ఆ తరువాతి సంగతి. మేమూ ఆ వరుసలోనే వెళ్దాం అనుకున్నాం: బయటి నుంచి లోపలికి, ఒక్కోసారి ఒక్కటే.

మొదట రూటర్. ఫైబర్ లైను తెగితే ఎర్ర దీపం వెలుగుతుంది, వెలగలేదు. అదే రూటర్ వైఫైతో నా ఫోన్‌లో నెట్టు వస్తోంది. అంటే ఊళ్ళోకి వచ్చే లైను బాగానే ఉంది. రెండోది కేబుల్. ఆ వైరు తీసి ఒక కుర్రవాడి ల్యాప్‌టాప్‌కి గుచ్చాం. ల్యాప్‌టాప్‌లో నెట్టు వచ్చింది. అంటే కేబుల్ కూడా మంచిదే. మూడోది, కంప్యూటర్ వెనుక ఆ వైరు గుచ్చే చోటు. అక్కడ చిన్న దీపాలు రెండు ఉంటాయి. ఆ రెండూ వెలుగుతున్నాయి, ఒకటి మినుకు మినుకుమంటోంది కూడా. విద్యుత్తు పరంగా రూటరూ కంప్యూటరూ ఒకదాన్నొకటి పలకరించుకుంటూనే ఉన్నాయి. దీపం ఉంది, నెట్టు లేదు.

టౌనులో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయనకు ఫోన్ చేస్తే, పోర్టు కాలిపోయి ఉంటుంది, బోర్డు మార్చాలి అన్నాడు. దీపం వెలుగుతున్న పోర్టు కాలిపోయింది అంటే మాకు నమ్మబుద్ధి కాలేదు. అప్పుడు ఒక పరీక్ష చేశాం. కంప్యూటర్ ఆపి, కొత్త కార్డు తీసేసి, మళ్ళీ ఆన్ చేశాం. నెట్టు వచ్చేసింది! మళ్ళీ కార్డు పెట్టాం. నెట్టు పోయింది. రెండుసార్లు చేసి చూశాం, రెండుసార్లూ అంతే.

అక్కడున్న మన సంఘ పెద్ద ఒకరు, "ఇంక చూసేదేముంది అయ్యగారూ, దొంగ దొరికాడు. ఈ కార్డే దరిద్రం. పొద్దున్నే తిరిగి ఇచ్చెయ్యండి. ఇది రాక ముందు అంతా బాగానే ఉంది" అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. కళ్ళెదుట కనబడినదే చెప్పారు. ప్రియులారా, ఈ మాట దగ్గర కాసేపు ఆగండి. చివర్లో మళ్ళీ దీనికే వస్తాను.

రాత్రి తొమ్మిది దాటాక హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మన సంఘపు అబ్బాయికి వీడియో కాల్ చేశాం. ఈ కంప్యూటర్‌లో ఉబుంటు వేసి ఇచ్చింది ఆ అబ్బాయే. పాటల స్లైడ్లు ఫోన్ నుంచి మార్చుకోవడానికి వీలుగా, సర్వర్లకు పెట్టే పద్ధతిలో మారని ఐపీ అడ్రసు కూడా అతనే పెట్టాడు. మూడేళ్ళుగా ఒక్క ఆదివారం కూడా తేడా రాలేదు. అంతా విని అతను అడిగిన మొదటి ప్రశ్న, "అయ్యగారండీ, కార్డు తీస్తే వస్తోంది, పెడితే పోతోంది, అంతేకదండీ? అయితే ఏదీ చెడిపోలేదండి. పేరు మారి ఉంటుంది."

అతను చెప్పినట్టు టెర్మినల్ తెరిచి, బోర్డు మీద ఉన్న పరికరాల జాబితా చూపించే ఎల్ఎస్‌పీసీఐ అనే ఆదేశం ఇచ్చాం. జాబితాలో ఈథర్నెట్ ఉంది, నిక్షేపంగా ఉంది. తరువాత ఐపీ లింక్ అనే ఆదేశం. అందులో నెట్‌వర్క్ పేరు ఈఎన్‌పీ4ఎస్0 అని ఉంది. పక్కన డౌన్ అని ఉంది, అంటే దాన్ని ఎవరూ లేపలేదు. ఇక నెట్‌ప్లాన్ అనే సెట్టింగ్ ఫైలు తెరిచాం. అందులో రాసి ఉన్న పేరు ఈఎన్‌పీ3ఎస్0. అక్కడ మూడు, ఇక్కడ నాలుగు. తేడా ఆ ఒక్క అంకె.

ఇది ఎలా జరిగిందో సులువుగా చెబుతాను. పూర్వం లినక్సులో నెట్‌వర్క్ కార్డులకు ఈటీహెచ్0, ఈటీహెచ్1 అని పేర్లు ఉండేవి. ఏది ముందు కనబడితే దానికి ముందు పేరు. రెండు కార్డులు ఉన్న కంప్యూటర్‌ను ఆపి వేస్తే ఒక్కోసారి ఒకదాని పేరు మరోదానికి వెళ్ళేది. ఆ తికమక పోవడానికి 2013లో సిస్టమ్‌డీ అనే దానిలో కొత్త పద్ధతి తెచ్చారు. పరికరం బోర్డు మీద ఎక్కడ ఉందో ఆ చోటును బట్టి పేరు. ఈఎన్ అంటే ఈథర్నెట్. పీ తరువాతి అంకె పీసీఐ బస్ నంబరు. ఎస్ తరువాతి అంకె స్లాట్ నంబరు. చోటు మారదు కనుక పేరూ మారదు అన్నది లెక్క. మంచి లెక్కే.

కానీ కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ లోపలి ఫర్మ్‌వేర్ ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తూ బస్ నంబర్లు వేసుకుంటూ వస్తుంది. మన ఊళ్ళో వీధి మధ్యలో కొత్త ఇల్లు కడితే పంచాయతీ వారు పాత నంబరుకే బై ఒకటి అనో, ఏ అనో తగిలించి ఇస్తారు. పక్కింటి నంబరు కదలదు. కంప్యూటర్‌కి ఈ బై నంబరు తెలియదు. మధ్యలో కొత్త కార్డు కూర్చుంటే మూడో నంబరు దానికి ఇచ్చి, అప్పటిదాకా మూడుగా ఉన్నదాన్ని నాలుగుకు జరిపింది. ఈథర్నెట్ అదే గోడలో, అదే కిటికీ దగ్గర, అదే దీపం వెలిగించుకుని కూర్చుంది. గుమ్మం మీద అంకె మాత్రం మారింది. సెట్టింగ్ ఫైలు పాత అంకె పట్టుకుని మూడో గుమ్మం కొడుతోంది. అక్కడ ఉన్నది వీడియో కార్డు. ఉత్తరం చేరలేదు.

మరి ఏం చెయ్యాలి? ఫైలులో మూడు తీసి నాలుగు రాస్తే ఆ పూటకు సరిపోతుంది. రేపు ఇంకో కార్డు పెడితే మళ్ళీ ఇదే గొడవ. ఆ అబ్బాయి అంతకంటే మంచి మార్గం చెప్పాడు. ప్రతి నెట్‌వర్క్ పరికరానికీ తయారైన రోజునే ఒక గుర్తు ఇస్తారు. దాన్ని మ్యాక్ అడ్రస్ అంటారు. రెండేసి అక్షరాల చొప్పున ఆరు జతలు ఉంటాయి. మొదటి మూడు జతలు తయారీదారును, చివరి మూడు ఆ ఒక్క పరికరాన్ని తెలియజేస్తాయి. పరికరం ఏ వీధిలో ఉన్నా, ఏ వరుసలో కూర్చున్నా ఆ గుర్తు దానితోనే ఉంటుంది. ఫైలులో గుమ్మం నంబరు తీసేసి, ఈ మ్యాక్ అడ్రస్ ఉన్నది ఎక్కడున్నా దానికే ఈ ఐపీ ఇవ్వు అని రాయించాడు.

ముందు పాత ఫైలుకు ఒక కాపీ తీసి పెట్టుకున్నాం. ఆ ఫైలులో వరుసలు ఎంతెంత లోపలికి జరిగి ఉండాలో లెక్క ఉంటుంది. ట్యాబ్ నొక్కకూడదు, స్పేస్ బార్‌తోనే జరపాలి. తరువాత నెట్‌ప్లాన్ ట్రై అనే ఆదేశం ఇచ్చాం. దాని మంచితనం చూడండి. కొత్త సెట్టింగ్ పెట్టి 120 సెకన్లు ఎదురు చూస్తుంది. బాగుంది అని మనం ఎంటర్ నొక్కితే ఉంచుతుంది. మనం నొక్కకపోతే, ఏదో తేడా వచ్చిందని తెలుసుకుని పాత స్థితికి తానే వెళ్ళిపోతుంది. మాకు ఆ రెండు నిమిషాలు అక్కర్లేకపోయింది. నాలుగైదు సెకన్లలో నెట్టు వచ్చింది. కంప్యూటర్ ఆపి, మళ్ళీ వేసి చూశాం. నిలిచింది. తెర మీద బొమ్మా ఉంది, నెట్టూ ఉంది. టైము పదిన్నర అయింది.

ఆదివారం ఏం జరిగిందో మీలో చాలామంది చూశారు. ఆ తల్లి తోటి సహోదరీలు ఒక్కొక్కరే లేచి చెప్పిన సాక్ష్యాలు, వరదల ఏడాది ఆమె తన ఇంటి బియ్యపు డబ్బా తెచ్చి మందిరంలో పెట్టిన సంగతి, మన పిల్లలు ఎంతమందికి ఆమె మొదటి ప్రార్థన నేర్పిందో, అన్నీ కూతురు విన్నది. కూడిక అయ్యాక ఆమె పంపిన వాయిస్ మెసేజ్‌లో ఏడుపు ఎక్కువ, మాట తక్కువ. ఉన్న మాట ఇది: "మా అమ్మ డబ్బా సంగతి నాకు తెలియదండి. ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు."

ఇంట్లో విండోస్ వాడేవారికి కూడా ఇదే రకం చిక్కు రావచ్చు. నెట్‌వర్క్ కార్డును ఒక స్లాటు నుంచి మరో స్లాటుకు మారిస్తే విండోస్ దాన్ని కొత్తదిగా భావించి ఈథర్నెట్ 2 అని పేరు పెడుతుంది. మీరు చేత్తో పెట్టిన ఐపీ అడ్రసు మాత్రం పాత పేరుతోనే ఉండిపోతుంది. డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూలో దాచిన పరికరాలు చూపించు అనే దాన్ని నొక్కితే ఆ పాతది మసకగా కనబడుతుంది. ఇంకొకటి, కొన్ని మదర్‌బోర్డుల మీద ఒక స్లాటులో ఏదైనా పెడితే ఇంకో స్లాటో, హార్డ్ డిస్క్ గుచ్చే పోర్టో పనిచేయడం మానేస్తుంది. రెండూ ఒకే దారి పంచుకుంటాయి కనుక. కొత్తది కొనేముందు బోర్డుతో వచ్చిన చిన్న పుస్తకం ఒకసారి తిరగెయ్యండి. దేనికైనా వరుస ఒక్కటే: లైను, వైరు, దీపం, జాబితా, పేరు. ఫార్మాట్ చెయ్యడం, బోర్డు మార్చడం అన్నిటికంటే చివరి మాట.

ఇప్పుడు మన పెద్దాయన అన్న మాటకు వస్తాను. ఇది రాక ముందు అంతా బాగానే ఉంది. ఈ మాట మనం కంప్యూటర్ దగ్గర కంటే ఇళ్ళల్లోనే ఎక్కువ వింటాం. కొత్త కోడలు వచ్చాక కొడుకు తల్లితో మునుపటిలా కూర్చోవడం లేదు. కొత్త కుటుంబం సంఘంలో చేరాక పాటల బృందంలో మాటపట్టింపులు వచ్చాయి. ఆ పిల్ల పుట్టింటికి వెళ్ళిన నాలుగు రోజులూ ఇల్లు ప్రశాంతంగా ఉంది కనుక తప్పు ఆ పిల్లదే అని తీర్పు చెప్పేస్తాం. కార్డు తీస్తే నెట్టు వచ్చింది కదా, అలాగే! కానీ ఆ శనివారం రాత్రి మందిరంలో ఏ ఒక్కటీ చెడ్డది లేదు. కార్డు మంచిది. పోర్టు మంచిది. సెట్టింగ్ రాసిన అబ్బాయి రాసిన రోజుకు సరిగ్గానే రాశాడు. ఎవరి తప్పూ లేకుండానే లింకు తెగింది. కొత్త మనిషి వచ్చినప్పుడు పాతవారందరి చోటూ కొంచెం కొంచెం జరుగుతుంది. అత్తగారి చోటు మూడు నుంచి నాలుగుకు జరిగింది. తగ్గలేదు, పోలేదు, జరిగింది. మనం మాత్రం పాత గుమ్మమే తట్టి, పలకడం లేదని బాధపడుతున్నాం. కొత్తవారిని పంపేస్తే సమస్య కనబడకుండా పోతుంది, తీరదు. కెమెరా కూడా పోతుంది.

అలాగే పలకని మనిషిని చచ్చిన పోర్టు అని తేల్చేయకండి. ముందు దీపం చూడండి. మందిరానికి రావడం మానేసిన తమ్ముడు రాత్రి పడుకునేముందు ఇంకా ప్రార్థన చేస్తున్నాడేమో, ఎవరికి తెలుసు? దీపం ఉన్నచోట ప్రాణం ఉంది. మనం పిలిచే తీరే మారాలేమో.

యోహాను సువార్త పదవ అధ్యాయంలో ప్రభువు తనను మంచి కాపరి అని చెప్పుకున్న చోటు చదవండి. ఆ కాపరి గొర్రెలను దొడ్డిలో ఏ మూల ఉన్నాయో చూసి గుర్తుపట్టడు. ఒక్కొక్కదాన్ని దాని పేరు పెట్టి పిలుస్తాడు. వరుస మారినా, దొడ్డి మారినా ఆ పిలుపు మారదు.

మన సంఘ రిజిస్టరు మన పెద్దల కాలం నుంచి వీధుల వారీగా, ఇళ్ళ వరుసన రాసుకుంటూ వస్తున్నాం. అందరూ ఊళ్ళోనే ఉన్న రోజుల్లో అది చక్కగా పనిచేసింది. ఇప్పుడు ఆ తల్లి ఇంటికి తాళం పడింది. ఇంటి వరుసన చూస్తే ఆ గుమ్మం దగ్గర ఎవరూ లేరు. కానీ ఆమె కూతురు ఉంది, మన బిడ్డే, కువైట్‌లో దీపం వెలిగించుకుని కూర్చుని ఉంది. అందుకని పెద్దలతో మాట్లాడి ఒక నిర్ణయం చేశాం. ఇకనుంచి రిజిస్టరులో మనుషుల పేర్లు, వారు ఎక్కడున్నా అందే ఫోను నంబర్లు ఉంటాయి. గల్ఫ్‌లో చాలా చోట్ల శుక్రవారం సెలవు కనుక ఆ రోజు సాయంత్రం మన స్త్రీల సమాజం వారు ఇద్దరిద్దరు చొప్పున ఫోన్ చేసి, పేరు పెట్టి ప్రార్థిస్తారు. మొదటి ఫోను ఎవరికో మీకు చెప్పనక్కర్లేదు. హైదరాబాదు, బెంగళూరు, కువైట్, దుబాయ్, ఎక్కడున్నా ఇది చదువుతున్న మన సంఘపు బిడ్డలు మీ నంబరు సంఘ కార్యదర్శికి వాట్సాప్‌లో పంపండి. మీ ఇంటివారు ఊళ్ళో ఉన్నా లేకపోయినా పంపండి.

ప్రార్థన చేద్దాం. పరలోకమందున్న మా తండ్రీ, మా మధ్యకు కొత్తగా వచ్చినవారిని చేర్చుకునే మనసు, చోటు మారినవారిని వెదికి పిలిచే ఓపిక మాకు దయచేయండి. దూరాన ఒంటరిగా దుఃఖపడుతున్న నీ కుమార్తెను నీవే ఆదరించండి. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

మీ సేవకుడు